వెలయు, వినికిడియు

కాంపాక్టు డిస్కు మొదట 1982లో జపానున అమ్మకమునకు వచ్చినది. అందు నాదము అంకెల రూపమున నుండును. సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. ఆ అంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చు సాధనమే 'డాక్'. తొలినాళ్లలో దీని నిర్మాణము కష్టసాధ్యము. ఫిలిప్సువారు 14 బిట్ల చిప్పుతోనే, నాలుగింతల ఓవర్ శాంప్లింగను ఉపాయముచే పని నెరవేర్చుకొనిరి. నేడు అంతకు మిన్నయగు చిప్పు చేతిఫోనులో ఇమిడియున్నది. అయినను లక్షలు వెలగల డాక్‌లు అమ్ముడుపోవుచునే యున్నవి!

ఆ వెలకు తగిన భేదము చెవికి తెలియునా? అమెరికాలో మేయర్, మోరన్ అనువారు 2007లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. మేలుజాతి డిస్కుల సంగీతమును ఒకమారు నేరుగాను, ఒకమారు 16 బిట్ల సీ.డీ. రికార్డరుగుండ మార్పిడి చేసియు, ఏది యేదో తెలుపక వినిపించిరి. 554 మారులలో 276 మారులు మాత్రమే శ్రోతలు సరిగా గుర్తించిరి. నాణెము నెగురవేసినను దాదాపు అంతే గదా! శబ్దమును మిక్కిలి హెచ్చించినపుడు మాత్రము నిశ్శబ్ద ఘట్టములలో సన్నని రొద తెలిసినది. ఇది ఖరీదైన డాక్‌ను చవుక డాక్‌తో నేరుగా పోల్చిన పరీక్ష కాదు, నిజమే. కాని మార్పిడివలన చెవికి కలుగు నష్టమెంతటి స్వల్పమో తెలుపుచున్నది.

ఆ పరీక్షలో రెండు ధ్వనుల స్థాయిని సమముగా నిలిపిరి. అట్లు చేయనిచో, రవంత బిగ్గరగా మ్రోగునదే శ్రేష్ఠమని తోచును. అంగడిలో వినిపించు పోలికలను నేను నమ్మకుండుటకు ఇదియే హేతువు.