ఉప్పు బాటలు, ఉక్కు కార్లు
అమెరికా ఈశాన్యసీమలయందు మంచు పేరుకొన్న బాటలపై ఉప్పు చల్లు పద్ధతి, 1938 ప్రాంతమున న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున ప్రయోగరూపమున ఆరంభమై, ద్వితీయ ప్రపంచసంగ్రామానంతరము విరివిగా వ్యాపింపగా, ప్రయాణికులకు క్షేమము చేకూర్చిన ఆ లవణమే, ఇంగ్లండునుండి ఓడలకెక్కి వచ్చిన ఎం.జి., ట్రయంఫ్ వంటి సొగసైన స్పోర్ట్స్ కార్ల పాలిటికి క్షయరోగమై పరిణమించెను. పైరంగు నిగనిగలాడుచుండగనే, తలుపుల దిగువనున్న బోలు పట్టీలలో ఉప్పుబురద నిలిచి, లోహము లోలోపల గుల్లయగుచుండెను. అడుగుభాగమునకు వాడిన ఇంజను నూనె పూయుటయే పలువురెరిగిన చికిత్స. ముతకదే కాని, నిష్ఫలము కాదు. 1959లో డెట్రాయిట్ నగరమున కర్ట్ జీబార్ట్ అను మెకానిక్, ఆ బోలుభాగములలోనికి రక్షకలేపనమును చిమ్ము పనినే వ్యాపారముగా నెలకొల్పెను. పోర్షె సంస్థ 1976 నమూనానుండి 911 కారు దేహమునకు జింకు పూత నిచ్చి, ఆరేండ్ల హామీతో అమ్మెను. అంతకు పూర్వపు కార్లకు మాత్రము, శీతకాలమంతయు పొడికొట్టమున విశ్రాంతి నొసగుటకంటె మేలైన రక్ష నేటికిని లేదు.