చంద్రుడి చాటుకు వెళ్లిన జోహ్రా: 2023 తొలి రోజా సాయంత్రం కనిపించింది ఏమిటి?

2023 మార్చి 24, శుక్రవారం. ఆ ఏడాది మన దేశంలో రంజాన్ తొలి రోజా. సదుం, పుంగనూరు, మదనపల్లె వైపే కాదు, దేశంలో చాలా చోట్ల మగ్రిబ్ నమాజ్ ముగించి బయటికొచ్చిన వాళ్లకు పడమటి ఆకాశంలో నెలవంక, దాని కిందే అంటీ అంటనట్టు ఓ మెరిసే చుక్క కనిపించాయి. ఫోన్లన్నీ పైకి లేచాయి. "కరిష్మా" అంటూ ఫోటోలు పంపుకున్నవాళ్లూ ఉన్నారు, "చాంద్ ఇంత లావుగా ఉందేంటి, ఒక రోజా పోయిందా" అని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు.

ఆ చుక్క నక్షత్రం కాదు, శుక్రగ్రహం. ఉర్దూలో జోహ్రా. సూర్యుడు, చంద్రుడి తర్వాత ఆకాశంలో అంత వెలుగున్న గ్రహం ఇంకోటి లేదు. తెల్లారుజామున కనిపిస్తే మన పల్లెల్లో వేగుచుక్క అంటారు. అసలు విశేషం ఏమిటంటే, ఇఫ్తార్ వేళకు జనం చూసింది ఆట ముగిసిన తర్వాతి దృశ్యం. అంతకు ముందే, ఎండ ఉండగానే, శుక్రుడు చంద్రుడి వెనక్కి వెళ్లి బయటికి వచ్చేశాడు. దీన్ని తెలుగులో ఆచ్ఛాదన అంటారు, ఇంగ్లీషులో ఆక్యుల్టేషన్. అరబీలో ఇహ్తిజాబ్. హిజాబ్ అనే మాట పుట్టిన ధాతువు నుంచే ఇదీ వచ్చింది. గ్రహణంలో నీడ పడుతుంది. ఇక్కడ నీడ లేదు, ఒకటి ఇంకోదానికి అడ్డం రావడమే. ఆ రోజు చంద్రుడు మనకు 4 లక్షల కిలోమీటర్ల లోపే ఉన్నాడు, శుక్రుడు సుమారు 18 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పక్కపక్కన ఉన్నట్టు కనిపించడం మన కంటి వరకే.

చంద్రుడు నక్షత్రాల మధ్య తూర్పు వైపుకు జరుగుతూ ఉంటాడు. గంటకు దాదాపు తన వెడల్పు అంత. అందుకే ఏ గ్రహమైనా చంద్రుడి చాటున ఉండేది ఎక్కువలో ఎక్కువ గంట, గంట పైచిలుకు. నెలవంక రోజుల్లో ముందుకు నడిచే అంచు చీకటిది. పగటి వెలుగులో ఆ చీకటి భాగం కంటికి ఆనదు. కాబట్టి బైనాక్యులర్స్‌తో చూసేవాళ్లకు, ఏ అడ్డూ లేని నీలాకాశంలోనే శుక్రుడు మాయమైనట్టు అనిపిస్తుంది! బయటికి వచ్చేది మాత్రం వెలిగే అంచు నుంచి. ఇఫ్తార్ వేళకు చుక్క నెలవంక కింద ఉండటానికి కారణం ఇదే. నక్షత్రమైతే చంద్రుడి అంచు తగలగానే టక్కున ఆరిపోతుంది. శుక్రుడు గుండ్రటి బిళ్ల కాబట్టి పూర్తిగా మునగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ రోజు లెక్కకు అర నిమిషం దాకా.

ఇక్కడ ఒక మాట. జెండాల మీద, మీనార్ల మీద నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం వేస్తారు. ఆకాశంలో ఆ చోట నక్షత్రం కనిపించడం కుదరదు. కొమ్ముల మధ్య ఖాళీ లేదు, చంద్రుడి చీకటి దేహమే ఉంది. అక్కడికి వచ్చిన ఏ చుక్క అయినా దాగిపోవాల్సిందే.

ఇక ఒక రోజా పోయిందన్న అనుమానం. అమావాస్య క్షణం మార్చి 21 రాత్రి 10:53కి. 22న సూర్యాస్తమయానికి చంద్రుడి వయసు 20 గంటలు కూడా లేదు, చాలా సన్నం. 23 సాయంత్రం చాంద్ కనిపించేసరికి దాని వయసు 43 గంటలు దాటింది. తొలి రోజా విప్పే వేళకు 67 గంటలు. లావుగా కనిపించక ఏం చేస్తుంది? చంద్రవంక లావును బట్టి తారీఖు తేల్చలేం. శుక్రుడు పక్కన ఉండటానికి, రంజాన్‌కు కూడా సంబంధం లేదు. ప్రవక్త (స) పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం వస్తే, జనం ఆ రెంటినీ ముడిపెట్టారు. ఎవరి చావుకో పుట్టుకకో గ్రహణాలు రావని ఆయన అప్పుడే స్పష్టం చేశారు.

చంద్రుడు ప్రతి నెలా గ్రహాల దారిలోనే తిరుగుతాడు. అయినా ప్రతి నెలా ఇది జరగదు, కారణం చంద్రుడి కక్ష్య దాదాపు 5 డిగ్రీలు వాలి ఉండటం. ఎక్కువసార్లు పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు. పైగా చంద్రుడు దగ్గర కాబట్టి, చూసే చోటు మారితే అతని స్థానమూ మారినట్టు కనిపిస్తుంది. 2008 డిసెంబరు 1న యూరప్‌లో శుక్రుడు చంద్రుడి వెనక్కి వెళ్లాడు. మన దగ్గర మాత్రం చంద్రుడు, శుక్రుడు, గురుడు (ముష్తరీ) ముగ్గురూ పక్కపక్కన నిలబడ్డారు. గ్రహాలే కాదు, రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ నక్షత్రాలూ చంద్రుడి చాటుకు వెళ్తుంటాయి. రోహిణికి ప్రపంచమంతా వాడే పేరు ఆల్డెబరాన్, అరబీ అల్ దబరాన్ నుంచి వచ్చిందే.

ఇది చూసి మురిసిపోయే వేడుకే కాదు, పరిశోధనకూ పనిముట్టు. కుప్పం దాటి తమిళనాడులోకి వెళ్లి, వాణియంబాడి మీదుగా ఆలంగాయం దారి పడితే జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. దాన్ని అక్కడ నెలకొల్పిన వేణు బాప్పు హైదరాబాద్‌లో పెరిగినవారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీలోనే ఆయన తండ్రి ఉద్యోగం. 1972 జూన్ 7న గురుడి ఉపగ్రహం గనిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు కావలూరు నుంచి గమనించారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందుకు వచ్చింది. ఆ నక్షత్రం అసలు గ్రహం అడ్డు రాకముందే మినుకుమినుకుమంది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది అలాగే. అమెరికా వాళ్లు విమానంలో టెలిస్కోపు పెట్టి చూశారు, ఆ రాత్రి కావలూరు 1 మీటరు టెలిస్కోపు కూడా ఆ నక్షత్రం మీదే ఉంది.

అన్ని ఆచ్ఛాదనలూ శుక్రుడిలా సులువుగా దొరకవు. 2024 జులై 24 అర్ధరాత్రి దాటాక శనిగ్రహం (జుహల్) మన దేశంలో చంద్రుడి చాటుకు వెళ్లింది. అవి పున్నమి దాటిన రోజులు, చంద్రుడి వెలుగు పక్కన శని వెలవెలపోతుంది. పైగా వానాకాలం. అలాంటిదానికి టెలిస్కోపు ఉండాల్సిందే.

చూడాలనుకునే కుటుంబాలు స్టెల్లేరియం లాంటి యాప్‌లో ఊరి పేరు పెట్టి ముందే సమయం చూసుకోవచ్చు. హైదరాబాద్ టైమ్ సదుంకు పనికిరాదు, నిమిషాల తేడా ఉంటుంది. పడమట గుట్ట అడ్డున్న ఊళ్లవాళ్లు డాబా ఎక్కడం మేలు. పగటి పూట బైనాక్యులర్స్ వాడితే సూర్యుడు గోడ చాటున ఉండేలా నిలబడాలి. పిల్లల చేతికి ఇచ్చి వదిలేయకూడదు, సూర్యుడి వైపు ఒక్క క్షణం తిప్పినా కన్ను పోతుంది. ఫోన్‌తో తీసేటప్పుడు చంద్రుడి మీద వేలు ఆనించి వెలుగు తగ్గించాలి. లేకపోతే నెలవంక, చుక్క కలిసి ఒకే తెల్ల మరకలా వస్తాయి.