సోమవారం దాకా

2011 అక్టోబర్ 3, సోమవారం. న్యూయార్క్‌లో ఇంకా తెల్లారలేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. క్లాడియాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. చీకట్లో ఏదో మిణుకుమంది. భర్త ఫోను. మోత లేదు, చిన్న దీపమొక్కటే వెలిగి ఆరుతోంది. చేతిలోకి తీసుకుని చూసింది. స్టాక్‌హోం నుంచి ఈమెయిల్. డాక్టర్ స్టైన్‌మన్‌కు శుభవార్త అట. వైద్యంలో నోబెల్ బహుమతి!

ఆమె పెట్టిన కేకకు ఇల్లంతా లేచింది. అది సంతోషంతో పెట్టిన కేక కాదు. ఆ డాక్టర్ స్టైన్‌మన్ శుక్రవారమే కన్నుమూశాడు.

ఈ కథ మొదలైంది ఒక గాజు పలక మీద. 1970లో రాల్ఫ్ స్టైన్‌మన్ న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జాన్విల్ కోన్ ల్యాబ్‌లో చేరాడు. కిందనే ఈస్ట్ నది. గదిలో అందరి ధ్యాసా మాక్రోఫేజ్‌ల మీదే. అవి తిండిపోతు కణాలు, సూక్ష్మజీవి కనిపిస్తే మింగేస్తాయి. రోగనిరోధక వ్యవస్థను నిద్రలేపేది కూడా అవేనని అప్పటి నమ్మకం. స్టైన్‌మన్‌కు అక్కడే అనుమానం. దొరికిందల్లా అరిగించేసుకునే కణం, దొంగ ఎలా ఉన్నాడో ఇంకొకరికి ఏం చూపిస్తుంది?

ఎలుక ప్లీహం నుంచి తీసిన కణాలను గాజుకు అంటించి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. కన్ను ఆనించాడు. గుండ్రటి కణాల గుంపులో ఒకటి తేడాగా ఉంది. చెట్టు కొమ్మల్లా చేతులు చాస్తోంది. చాచిన చేతిని ముడుచుకుని ఇంకోటి చాస్తోంది. అలాంటి కణాన్ని అంతకుముందు ఆయన ఎక్కడా చూడలేదు. భార్య పేరు కలిసొచ్చేలా ‘క్లాడియాసైట్’ అందామా అని కూడా అనుకున్నాడు. చివరికి గ్రీకులో చెట్టు అనే అర్థమున్న మాట తీసుకుని ‘డెండ్రైటిక్ కణం’ అన్నాడు. 1973లో కోన్‌తో కలిసి లోకానికి చెప్పాడు.

లోకం నమ్మలేదు. ప్లీహంలో వందకు ఒకటో రెండో ఉండే కణం! ఏదో మాక్రోఫేజ్‌నే చూసి పొరబడ్డాడన్నారు. ఆయన వాదనకు దిగలేదు. ఆ ఒకటీ రెండింటినే ఏరుకుంటూ కూర్చున్నాడు. 1978లో మ్యాగీ విట్మర్‌తో కలిసి ఒక ఎలుక డెండ్రైటిక్ కణాలను పరాయి ఎలుక టీ కణాలతో, అంటే రోగాన్ని వేటాడే తెల్ల రక్తకణాలతో, కలిపాడు. టీ కణాలు రెచ్చిపోయాయి. లెక్క తీశారు. మిగతా కణాలకంటే ఇవి కనీసం నూరు రెట్లు గట్టిగా రెచ్చగొడుతున్నాయి. అయినా చాలామంది పెదవి విరిచారు.

ఇంతకీ ఆ కొమ్మల కణం చేస్తున్నదేమిటి?

కాలికి ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులకు గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గాయం పాదంలో, నొప్పి గజ్జలో! మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన ఈ సంగతిలోనే జవాబు ఉంది. చర్మంలో కాపు కాసిన డెండ్రైటిక్ కణం ముల్లుతో పాటు లోపలికొచ్చిన సూక్ష్మజీవిని మింగుతుంది, కానీ పూర్తిగా అరిగించుకోదు, సన్నటి ముక్కలుగా తరిగి, హెచ్‌ఎల్‌ఏ అనే దోసిట్లో ఒక్కో ముక్క పెట్టుకుని, ఉన్న చోటు వదిలేసి, శోషరసంలో పడి కొట్టుకుంటూ గజ్జలోని గ్రంథికి చేరి, అటుగా పోయే టీ కణాలన్నిటి ముందూ ఆ దోసిలి చాపుతుంది. అదే బిళ్ళ. లక్ష టీ కణాల్లో ఒక్కదానికైనా ఆ ముక్క ఆనవాలు పట్టే తాళం ఉండకపోవచ్చు. ఒకటి తడిమి పోతుంది. ఇంకోటి తడిమి పోతుంది. ఎక్కడో ఒకటి ఆగిపోతుంది.

ఆగినా చాలదు. ముక్క కుదిరాక రెండో సైగ కావాలి. ప్రమాదాన్ని పసిగట్టిన డెండ్రైటిక్ కణం ఒంటి మీద బీ7 అనే అణువు మొలుస్తుంది. టీ కణం మీది సీడీ28 దాన్ని పట్టుకోవాలి. రెండూ కలిస్తేనే టీ కణం ఒకటి రెండై, రెండు నాలుగై, వేలుగా పెరిగి వేటకు బయల్దేరుతుంది. సైగ లేకుండా ముక్క ఒక్కటే చూపిస్తే ఆ టీ కణం మందగించి మూల కూర్చుంటుంది. మన ఒంటిని మనమే కొరుక్కుతినకుండా ఉన్నామంటే ఆ మందగింపు చలవ కూడా కొంత ఉంది.

క్యాన్సర్‌కు కలిసొచ్చేదీ అదే. గడ్డ సొంత మాంసమే కదా. ఎవరు సైగ చేస్తారు?

2007 మార్చి. స్టైన్‌మన్‌కు కడుపులో బాగోలేదు. ఆ వెనకే పచ్చకామెర్లు. స్కానింగ్ తీశారు. క్లోమంలో క్యాన్సర్, అప్పటికే శోషరస గ్రంథులకు పాకింది. ఈ జబ్బులో డాక్టర్లు నెలల్లోనే లెక్క చెబుతారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆపరేషన్‌లో బయటికొచ్చిన గడ్డను పారెయ్యలేదు; ముక్కలు దాచారు, ముప్ఫై ఏళ్ళుగా ఆయన స్నేహితులూ శిష్యులూ అయినవాళ్ళ ల్యాబులకు పంపారు, డర్హమ్‌లో ఒకరు గడ్డలోని ఆర్‌ఎన్‌ఏ తీశారు, డాలస్‌లో ఇంకొకరు దాని ప్రొటీన్ ముక్కలు పట్టుకున్నారు, ఆయన రక్తం నుంచే డెండ్రైటిక్ కణాలు పెంచి, వాటి దోసిట్లో ఆయన గడ్డ ఆనవాలే పెట్టి, సైగ నేర్పి, టీకాగా వెనక్కి పంపారు. అన్నిటికీ ఒక్క రోగి కోసమే రాసుకున్న అనుమతి పత్రాలు. కీమోథెరపీ కూడా ఆపలేదు.

సూది వేసింది సారా ష్లెసింజర్. హైస్కూల్లో ఉండగానే ఆయన ల్యాబ్‌లో అడుగుపెట్టిన అమ్మాయి, ఇప్పుడు సహోద్యోగి. ఎలుకలో చూసిన కణం, మనుషుల మీద ఇంకా తేలని వైద్యం, చొక్కా చేయి పైకి మడుచుకుని కూర్చున్నది దాన్ని కనిపెట్టినవాడే.

ఏడాది గడిచింది. రెండేళ్ళు. మూడు. ఆయన ల్యాబ్‌కు వస్తూనే ఉన్నాడు. టీకా పనిచేస్తోందా, కీమోనా, అదృష్టమా? ఒక్క మనిషి మీద జరిగిన ప్రయోగం ఏదీ తేల్చదు. ఆ మాట ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ భవనంలో లేరు.

2011 సెప్టెంబర్ చివరి వారం. ఆస్పత్రి మంచం. వచ్చే సోమవారం నోబెల్ ప్రకటిస్తారు నాన్నా, అప్పటిదాకా ఉండాలి అని కూతురు నవ్వుతూ అంది. తెలుసు, పోయినవాళ్ళకు ఇవ్వరుగా అని ఆయనా నవ్వాడు. శుక్రవారం, సెప్టెంబర్ 30. అరవై ఎనిమిదేళ్ళ ఆ గుండె ఆగింది. యూనివర్సిటీకి ఇంకా కబురు పెట్టలేదు. స్టాక్‌హోంకు అసలే తెలియదు.

సోమవారం స్టాక్‌హోంలో పొద్దున పదకొండున్నర. మైకుల ముందు మూడు పేర్లు చదివారు. బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్, రాల్ఫ్ స్టైన్‌మన్. సగం బహుమతి స్టైన్‌మన్‌దే. కొన్ని గంటల్లో రాక్‌ఫెల్లర్ నుంచి కబురు వచ్చింది. ఒక్కసారిగా గగ్గోలు. చనిపోయినవాళ్ళకు బహుమతి ఇవ్వకూడదని 1974 నుంచి నిబంధన ఉంది. ప్రకటించాక పోతే పర్లేదు. ఈయన ప్రకటించకముందే పోయాడు.

తలుపులు మూసుకుని నిబంధనలు మళ్ళీ చదివారు. అక్షరం చూస్తే ఇవ్వకూడదు. కానీ బతికే ఉన్నాడని నమ్మి ఇచ్చారు, అందులో మోసం లేదు. సాయంత్రానికి తీర్పు వచ్చింది. ఇచ్చింది ఇచ్చినట్టే.

డిసెంబర్ 10. స్టాక్‌హోం కచేరీ హాలు. వేదిక మీద స్వీడన్ రాజు. రాల్ఫ్ స్టైన్‌మన్ పేరు పిలిచారు. ఒకప్పుడు ఆ కణానికి ఎవరి పేరు పెడదామనుకున్నాడో, ఆమె లేచి నడిచింది.