గండిపేట కవాటములు

ఒకప్పుడు మన ఇండ్లలో రేడియో పెట్టె వెనుక పలకను తొలగించినచో, ఎఱ్ఱగా మిణుకుమను గాజుబుడ్లు కొన్ని కనబడుచుండెడివి. వానిని వాల్వులనుచుండిరి. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట అవి మూలబడినవి గాని, ఆ పేరు వెనుక నొక కథ గలదు. 1904 లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు విద్యుత్తును ఒక వైపునకే పోనిచ్చి మరలి రానీయని బుడ్డిని నిర్మించి, దానికి వాల్వు అని పేరిడెను. నీటి గొట్టములలో అట్టి పనిచేయు సాధనమునకు అదివరకే ఆ పేరు గలదు. దానినే మనము తెలుగున కవాటమందుము. కవాటమనగా తలుపు. మన గుండెలో సైతము నాలుగు కవాటములు రేయింబవళ్ళు తెరచుకొనుచు మూసికొనుచున్నవి.

ఈ తలుపు చరిత్రను తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు నుండి వికారాబాదునకు పోవు బాటపై మొయినాబాదును, దానికి ఆవల చేవెళ్ళయు తగులును. ఈ సీమలో కురిసిన వాన రెండు పాయలై తూర్పునకు సాగును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఒకటి. దానికి దక్షిణముగా పారు ఈసీ రెండవది. మొదటిదానికి అడ్డముగా గండిపేట చెరువనబడు ఉస్మాన్ సాగరు, రెండవదానికి అడ్డముగా హిమాయత్ సాగరు కట్టబడినవి.

ఈ ఆనకట్టలకు పూర్వము ఇచట తలుపులే లేవా యనిన, ఉండెను. ప్రతి చెరువు కట్టకును ఒక తూముండెడిది. రెండు రాతి స్తంభములు, వాని నడుమ అడ్డబండలు, అడుగున రంధ్రము గల ఒక బండ, ఆ రంధ్రమున సరిగా ఇమిడెడు బిరడా, దానికి బిగించిన నిలువు గడ. నీరటి ఆ గడను పైకెత్తినచో నీరు కాలువలోనికి పారును, దించినచో నిలిచిపోవును. రామప్ప, పాకాల చెరువులను త్రవ్వించిన కాకతీయుల కాలమునుండి తెలుగు రైతు ఎరిగిన కవాటమిది. నేటి కర్మాగారమున నున్న వాల్వులో గల ముఖ్యభాగములు మూడును అందున్నవి: నీటిని అడ్డగించు బిరడా, అది కూర్చుండు పీఠము, దానిని కదలించు కాడ.

అయితే తూము పొలమునకు నీరిచ్చుటకే గాని వరదను ఆపుటకు గాదు. వరద వచ్చినప్పుడు చెరువునకు అలుగే దిక్కు. అలుగు ఎత్తు మార్పులేనిది; దానిని తెరచుటకును మూయుటకును మనుష్యునకు వీలులేదు. ఈ లోపము 1908 సెప్టెంబరు 28 న ప్రాణములను బలిగొనెను. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. నగరమునకు ఎగువనున్న 788 చెరువులలో 221 తెగిపోయెను. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువు పైబడ, అదియు తెగ, ఒకదాని వెనుక నొకటి గొలుసువలె తెగుచు, మూసీ ఒడ్డున నిదురించు నగరమును ముంచెత్తెను. ఆ నాడు మృతులైనవారు వేలసంఖ్యలో నుండిరి.

నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా నర్థించెను. ఆయన కవాటముల విషయమున క్రొత్తవారు గారు. 1903 లోనే పూనా సమీపమునగల ఖడక్‌వాస్లా ఆనకట్టపై, నీరు ఒక మట్టమును దాటగానే తమంతతామే తెరచుకొని, తగ్గగానే మూసికొను తలుపులను ఆయన అమర్చియుండిరి. నదుల ఎగువనే వరదను నిలువరించు రెండు జలాశయములు కావలెనని ఆయన సూచించిరి. 1920 లో ఉస్మాన్ సాగరును, 1927 లో హిమాయత్ సాగరును పూర్తియయ్యెను. మొదటిదానికి 15, రెండవదానికి 17 వరద తలుపులు గలవు. ఉస్మాన్ సాగరు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 1790 అడుగులు. నగరము పల్లమున నుండుటచే పంపులతో పనిలేక, ఈ నీరు కాలువ వెంట తనంతతానే ఆసిఫ్‌నగరు వడపోత కేంద్రమునకు చేరుచుండెను.

ఇచట తలుపులు రెండు జాతులుగా ఏర్పడెను. ఒకటి వరదకు, ఒకటి దప్పికకు. వరద తలుపు పెద్దది, కంటికి కనబడునది. దప్పిక తలుపు భూమిలో పాతిన గొట్టములలో దాగియుండును. వీధిలో చిన్న ఇనుపమూతను తెరచి, పొడవైన చువ్వ వంటి తాళపుచెవితో దానిని త్రిప్పిననాడే మన ఇంట నల్లా వచ్చును.

ఆ గొట్టపు కవాటమును విప్పి చూతము. వెలుపలిది పోతయినుపు ఒడలు. గొట్టము నకు గొట్టమునకు నడుమ బోల్టులతో బిగింపబడును. దానిపై మూత. మూత గుండ క్రిందికి దిగు మరకాడ. దాని కొనకు వ్రేలాడు పలక. పలక వచ్చి కూర్చుండు చోటే పీఠము. ఇనుము ఇనుముతో రాచుకొనినచో త్రుప్పు పట్టి అంటుకొనిపోవును. కావున పీఠమునకు కంచు కట్లు వేయుదురు. కాడ మూతను దాటుచోట నీరు కారకుండ, పూర్వము కొవ్వు పట్టించిన జనపనారను త్రొక్కి నింపుచుండిరి. అన్నిటికన్న పైన చేచక్రము. పలకను ఇరువైపుల ఏటవాలుగా మలచి మేకువలె దిగవిడుచు పద్ధతిని 1839 లో జేమ్సు నాస్మిత్తు కనుగొనెను. దిగినకొలది అది బిగియును.

గడను చేతితో ఎత్తిన నీరటికి లేని మర ఇచట ఎందులకు? పది మీటర్ల లోతున నున్న ఒక చదరపు మీటరు పలకపై నీరు 10 టన్నుల బలముతో త్రోయును. ఆ బలమునకు పలక పీఠమునకు ఒత్తుకొనియుండగా, ఆ రాపిడిని జయించి పైకెత్తుటకు మనుష్యుని చేయి చాలదు. మర చేతిబలమును పెంచును. దీనికి మరియొక గుణమును గలదు: అది తొందరపడనీయదు. పొడవైన గొట్టములో పరుగిడు నీటిని ఒక్కసారిగా ఆపినచో, ఆ వేగమంతయు సమ్మెటపోటువలె గొట్టపు గోడలను తాకి వానిని పగులగొట్టగలదు. కావుననే అనుభవజ్ఞుడు చక్రమును మెల్లగా త్రిప్పును.

కవాటములన్నియు ఒకే పనికి పుట్టినవి గావు. పలక కవాటము పూర్తిగా తెరచుటకో పూర్తిగా మూయుటకో తగినది. సగము తెరచి యుంచినచో ప్రవాహపు తాకిడికి పలక అదరి పీఠము అరగిపోవును. ప్రవాహమును కొలదిగా హెచ్చించి తగ్గించుటకు గోళ కవాటము కావలెను. పంపు ఆగినప్పుడు ఎత్తిన నీరు వెనుకకు మరలకుండ ఆపునది ఏకముఖ కవాటము; ఫ్లెమింగు గాజుబుడ్డి దీని చుట్టమే. ఆవిరి హద్దుమీరినపుడు తెరచుకొని బాయిలరును కాపాడునది రక్షణ కవాటము.

ఈ విద్య యంతయు నున్నను, తలుపును ఎప్పుడు తెరువవలెనను ప్రశ్న మర వలన తీరునది కాదు. ఆలస్యముగా తెరచినచో కట్టకు ముప్పు, ఎగువ పొలములకు ముంపు. ఒక్కుమ్మడిగా తెరచినచో దిగువ బస్తీలకు ముప్పు. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగరు తలుపులెత్తిరి. 2025 సెప్టెంబరులో రెండు జలాశయములనుండి విడిచిన నీటితో మూసీ ఉప్పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి చొచ్చెను. నది దారిలో ఇండ్లు కట్టుకొనిన కొలది, తలుపు తెరచువాని స్వేచ్ఛ తగ్గిపోవును.

మరియొక సంగతి. కవాటము నీటిని ఆపగలదు, విడువగలదు, పుట్టింపజాలదు. నీరు పుట్టునది చేవెళ్ళ, మొయినాబాదు సీమల వాగులలో, చెలకలలో. అందుచేతనే 1996 లో 111 వ నంబరు ఉత్తర్వు, ఈ జలాశయముల ఎగువనున్న 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు విధించెను. నగరము త్రాగు నీటికై తమ భూముల విలువ పడిపోయెనని గ్రామస్థులు వాపోయిరి. ఆ మొర నిరాధారము గాదు. 2022 లో ఆ ఆంక్షలను తొలగించు ఉత్తర్వు వెలువడెను. మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు నగరమునకు చేరినవి గనుక గండిపేటతో పనిలేదను వారు గలరు. కాని 1908 నాటి వరద దప్పిక తీర్చుకొనుటకు వచ్చినది గాదు. ఆ మాట మరచి వాగులను పూడ్చినచో, తుదకు ఎంత మంచి తలుపైనను తెరచినప్పుడు వరదను, మూసినప్పుడు మురుగును మాత్రమే కాపలా కాయును.

ఇకపై నల్లా త్రిప్పునప్పుడు, ఆ చిన్న పీఠము, కాడ, బిరడాలను తలచుకొందము. తూముకడ నిలిచి, ఊరందరి పొలములను తలచి గడనెత్తిన నీరటి బాధ్యతయే నేడు మన అందరి చేతులలో నున్నది.