లిబ్‌కర్ల్‌లో హెచ్‌ఎస్‌టీఎస్ సమాచార నిల్వ

ఏ వెబ్‌సైట్లను హెచ్‌టీటీపీఎస్ ద్వారానే చేరుకోవాలో, ఆ నియమం ఎప్పటిదాకా వర్తిస్తుందో లిబ్‌కర్ల్ గుర్తుంచుకునే ఏర్పాటు ఇది. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన డేటా బదిలీ సాధనం కర్ల్‌కు ఆధారమైన లైబ్రరీయే లిబ్‌కర్ల్.

ఈ నియమానికి ఆధారమైన హెచ్‌ఎస్‌టీఎస్ ప్రమాణం 2012 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6797గా వెలువడింది. సర్వర్ తన హెడర్‌లో గడువును సెకన్లలో తెలుపుతుంది. అది తీరేదాకా క్లయింటు ఆ సైటు హెచ్‌టీటీపీ చిరునామాలను తానే హెచ్‌టీటీపీఎస్‌గా మార్చుకోవాలి. మామూలు హెచ్‌టీటీపీలో వచ్చిన హెడర్ చెల్లదు. గడువు సున్నా అని వస్తే పాత పద్దును కొట్టివేయాలి. బ్రౌజర్‌కు ఇవన్నీ దాచుకునే ప్రొఫైల్ ఉంటుంది. ఒక్క పని చేసి ముగిసిపోయే ప్రోగ్రాముకు అది ఉండదు కనుక, ఎక్కడ దాచాలన్నదే లిబ్‌కర్ల్‌లో అసలు సమస్య.

కర్ల్‌లోకి ఈ సదుపాయం వచ్చిన కాలానికి రెండు తేదీలు చెప్పవచ్చు. 2020 డిసెంబరు నాటి 7.74.0లో ఇది ప్రయోగాత్మకంగా చేరింది. 2021 మేలో వచ్చిన 7.77.0తో ఆ ముద్ర తొలగింది. సాధారణ వాడుకకు రెండోదాన్నే ఆరంభంగా తీసుకోవడం సబబు.

నిల్వ సాదా టెక్స్ట్ ఫైలు. వరుసకొక హోస్టు పేరు, పక్కనే కోట్స్‌లో గడువు ముగిసే తేదీ, సమయం ఉంటాయి. పేరుకు ముందు చుక్క ఉంటే సబ్‌డొమైన్లకూ వర్తిస్తుంది. బదిలీని నడిపే హ్యాండిల్‌ను మూసేటప్పుడే లిబ్‌కర్ల్ ఫైలు రాస్తుంది. ప్రోగ్రాము అంతకుముందే కూలిపోతే కొత్త పద్దులు దక్కవు. ఫైలును చదవడానికే పరిమితం చేయవచ్చు, మెమరీలో మాత్రమే ఉంచవచ్చు. డేటాబేసులో దాచాలనుకునేవారికి చదివే, రాసే కాల్‌బ్యాక్‌లు ఉన్నాయి.

ఇక్కడ మరుపే భద్రతా లోపమవుతుంది; ఈ నిల్వ చరిత్ర అందుకు గట్టి రుజువు. పేరు చివర చుక్క చేర్చినా, తీసేసినా పద్దు దొరక్కపోవడాన్ని 2022 మేలో 7.83.1 సరిదిద్దింది. అంతర్జాతీయ డొమైన్ పేర్లది మరింత లోతైన చిక్కు: చుక్క స్థానంలో చైనా, జపాను రాతల్లోని పూర్ణవిరామం వాడితే, ఆస్కీ రూపంలోకి మార్పిడికి ముందున్న పేరుతో వెతికి, లిబ్‌కర్ల్ పద్దు లేదనుకునేది. 7.86.0లో ఒకసారి, 7.87.0లో మరోసారి దీన్ని సవరించాల్సివచ్చింది. తెలుగు లిపిలోని ‘.భారత్’ పేర్లు కూడా ఇలాంటి మార్పిడి మీదే ఆధారపడతాయి. సమాంతర బదిలీల్లో చివరగా ముగిసినది మిగతావాటి ఫైలును చెరిపి రాసేది. 2023 ఫిబ్రవరిలో 7.88.0 దాన్ని సవరించింది. హ్యాండిళ్లు ఒకే నిల్వను పంచుకునే వీలు అదే వెర్షన్‌లో వచ్చింది; థ్రెడ్ల మధ్య తాళం లేకపోవడంతో దాన్ని 8.0.0లో దిద్దాల్సివచ్చింది. ఫైలు పేరు మరీ పొడవైతే మొత్తం సమాచారం పోయే లోపం 8.5.0లోనూ, సబ్‌డొమైన్ గడువు మాతృ డొమైన్ పద్దు మీద పడే లోపం 2024 నవంబరు నాటి 8.11.0లోనూ తొలగాయి.

హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరైన సైట్లతో బ్రౌజర్లలో ఉండే ముందస్తు జాబితా కర్ల్‌తో రాదు. అందువల్ల ఖాళీ నిల్వతో హెచ్‌టీటీపీ చిరునామాకు వెళ్లే మొదటి అభ్యర్థనకు ఈ రక్షణ ఉండదు.