కథాప్రారంభము: మేలట్టూరు మొదలు టాకీ వరకు

కథ యెచ్చట మొదలిడవలెనను ప్రశ్న చిన్నదిగా దోచును. కాని మన నాటకచరిత్రమున దాని కొక్కొక్క కాలమువారు ఒక్కొక్క సమాధానము చెప్పిరి. కావ్యకర్తకు శ్రీకారముతో, ఇష్టదేవతాస్తుతితో పని తీరెను. పాఠకుడు గ్రంథము చేతబట్టి తానై కూర్చుండినవాడు. ఆటగాని స్థితి వేరు. రాత్రివేళ, వీధిలో, ఇంకను చాపలు పరచుకొనుచున్న జనమును ముందు ప్రేక్షకులుగా మార్చి, పిమ్మట కథ నెత్తుకొనవలెను. ఈ పనిని మన పూర్వు లెంత నేర్పుతో చేసిరో చూడగోరువారు తంజావూరు సీమకు పోవలయును.

తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు మేలట్టూరును బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చెను. ఆ ఊరికి అచ్యుతపురమను పేరు అందువలన కలిగినదే. పిదప విజయరాఘవ నాయకుడును, మహారాష్ట్ర ప్రభువైన శాహజీయును (1684–1712) తామే తెలుగున యక్షగానములు రచించిరి. మరాఠీ మాతృభాషగా గల రాజు తమిళదేశమున తెలుగు నాటకము వ్రాయుట యెంత వింత! ఆ వాతావరణముననే మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారి నాటకములు పుట్టినవి.

నృసింహజయంతినాడు వరదరాజస్వామి గుడి యెదుటి వీధిలో ఆయన ప్రహ్లాదచరిత్రమును నేటికిని ఆడుదురు. కథ ప్రహ్లాదునిది, కాని మొదట వచ్చువాడు కోణంగి. మొనదేలిన టోపీ పెట్టుకొని, గంతులు వేయుచు వచ్చి, జనమును నవ్వించి, సద్దు మణగజేయును. పిదప భాగవతులు తోడయమంగళము పాడుదురు. ఏనుగుమొగము తొడిగికొన్న చిన్నబాలుడు వినాయకుడై వచ్చి దీవించి పోవును. అటుపైని గాని కటికవాడు రాజుగారి రాకను చాటడు. అప్పుడు తెరపట్టుదురు, ప్రవేశదరువు మొదలగును. పాటలో భాగవతులు హిరణ్యకశిపుని దర్పమును వర్ణింపగా, అతడు ఆ వర్ణనకు తగినట్లు అడుగువేయును. నోరు విప్పి ఒక్క మాటయైన పలుకకమునుపే అతడెట్టివాడో సభకెల్ల తెలిసిపోవును.

ఆ సభలో అధికులు తమిళులన్న సంగతి మరువరాదు. తెలుగు మాట పూర్తిగా తెలియనివారు సైతము తెల్లవారువరకు కూర్చుందురన్నచో, ఈ ప్రవేశములే వారికి కథను చేతికందించుచున్నవని మా యభిప్రాయము.

పరప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఇది యోచింపదగిన విషయము. సంఘముల వార్షికోత్సవములలో, కాలము చాలదని చెప్పి, మొట్టమొదట తీసివేయునది పూర్వరంగమే. గంటలో ముగించవలెనని భామాకలాపమును నేరుగా లేఖాఘట్టముతో ఆరంభించుటయు మేము చూచితిమి. తెరమీదుగా జడ వ్రేలాడవైచి, సవాలు విసరి వచ్చు సత్యభామను చూడని బాలునకు, ఏడ్చుచు లేఖ వ్రాయు ఈ స్త్రీ యెవరో తెలియుటెట్లు? ఆమె గర్వము చూచినవానికి గదా ఆమె దైన్యము తెలియును! ఇంట తెలుగు వినుట తగ్గిపోవుచున్న మన పిల్లల కొరకే ఆడుచు, వారికి తెలియగలిగిన భాగమునే కోసివేయుచున్నాము.

దీర్ఘమైన దెల్ల మేలనుట మా యుద్దేశము కాదు. గురజాడవారు 1909లో ప్రకటించిన కన్యాశుల్కము రెండవ కూర్పున నాందియు లేదు, సూత్రధారుడును లేడు. విజయనగరమున, బొంకులదిబ్బమీద, గిరీశ మొంటరిగా నిలిచి తనలో తాను మాటలాడుకొనును. సామాను కొనితెచ్చెదనని పూటకూళ్ళమ్మవద్ద తీసికొన్న ఇరువది రూపాయలు వేశ్యకు ఖర్చుపెట్టినాడు. ఊరు విడువక తప్పదు. ఇంతలో పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశము వచ్చును, దారి దొరకును. అయిదారు నిమిషములలో మనిషియు, అతని యక్కరయు, ప్రయాణమునకు కారణమును మన ముందున్నవి. ఇచ్చట గిరీశము తన ప్రవేశదరువును తానే పాడుకొన్నాడని చెప్పవచ్చును. భాగవతులను తొలగించిన రచయిత వారి పనిని మాత్రము తొలగింపలేదు.

ప్రహ్లాదుని కథకు మరియొక త్రోవ బళ్ళారినుండి ఏర్పడినది. 1953 నుండి కన్నడ రాష్ట్రమున చేరిన ఆ పట్టణముననే ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) నాటకములు వ్రాసి ఆడించిరి. సురభివారు ఆడుచుండిన ఆయన ప్రహ్లాద నాటకము ఆధారముగా హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన భక్తప్రహ్లాద, తెలుగున తొలి టాకీ, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయ్యెను. సినిమాహాలులో జనమును సద్దుమణగజేయుటకు కోణంగి యక్కరలేదు. దీపము లార్పినచో చాలును. కటికవాడు చాటు పేర్లను వెండితెరమీది అక్షరములు చాటును. తరువాతి చిత్రములలో ఆ పేర్లు వాద్యగోష్ఠితో నిదానముగా సాగుచుండగా, ఆలస్యముగా వచ్చినవారు తడవుకొనుచు తమ కుర్చీలు చేరుకొనుట మనలో పెద్దవారందరును ఎరిగినదే. పూర్వరంగము పోలేదు, వేషము మార్చుకొన్నది.

భక్తప్రహ్లాద చిత్రము నేడు చూచుటకు దొరకదు. మేలట్టూరి ప్రహ్లాదుని చూడగోరువారు మాత్రము వైశాఖ శుద్ధ చతుర్దశినాడు చీకటిపడకమునుపే ఆ ఊరు చేరుట మంచిది. తెల్లవారుజామున స్తంభము చీల్చుకొని వచ్చు నరసింహుని చూచుటకే పోవువారు పలువురు. వారికి కోణంగి కనబడడు.