దక్కను గుఱ్ఱాలు - తొలి టాంకులు

1916 జూలై 14వ తేదీ సాయంకాలం, ఫ్రాన్సు దేశంలోని సోమ్ రణరంగంలో, హైవుడ్ అనే చిన్న అడవి ప్రక్కనున్న పైరుచేలలోగుండా ఒక ఆశ్వికదళం బల్లెములు చాచి దూకింది. అందులో ఒక రెజిమెంటు 20వ డెక్కన్ హార్స్. సికింద్రాబాదు ఆశ్విక బ్రిగేడులోనిది. నిజాం రాబడితో పోషింపబడిన పూర్వపు హైదరాబాదు కంటింజెంటులో దాని పుట్టుక. రౌతులు కొందరు జర్మనులను పొడిచారు, కొందరిని బందీలుగా పట్టుకొన్నారు. రాత్రి అక్కడే కాపుండి, తెల్లవారక ముందే వెనుకకు రావలసి వచ్చింది. అడవి జర్మనుల చేతిలోనే ఉండిపోయింది.

లోపం శౌర్యంలో లేదు. ముళ్ళతీగ గుఱ్ఱాన్ని ఆపుతుంది. ఆగిన గుఱ్ఱాన్ని కందకంలోని మరతుపాకి కూల్చుతుంది. తీగను త్రొక్కుతూ, గుండును ఓర్చుకొంటూ, కందకాన్ని దాటే వాహనం కావాలి. అదే టాంకు.

మొదటి రకపు బ్రిటిష్ టాంకు బరువు సుమారు 28 టన్నులు, ఇంజను 105 అశ్వశక్తులు, లోపల 8 మంది. దాన్ని ప్రక్కకు త్రిప్పటానికే నలుగురు చేతులు కలపాలి! ఉక్కు పలక మందం 6 నుండి 12 మిల్లీమీటర్లు. వేగం గంటకు 6 కిలోమీటర్లు మించదు. సికింద్రాబాదునుండి సాతంరాయికి మంచి రోడ్డుమీద వచ్చినా సుమారు నాలుగు గంటలు పట్టేది. 'మగ' టాంకుకు రెండు ప్రక్కల 57 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు ఉండేవి. శత్రువుల మరతుపాకి గూళ్ళను పగులగొట్టడం వీటి పని. 'ఆడ' టాంకుకు అన్నీ మరతుపాకులే; మీదికి ఎగబడే సైనికులను అవి చెదరగొట్టాలి. ఫిరంగి గొట్టాలు పొడవుగా ఉండి నేలకు, చెట్లకు తగులుతుండేవి. అందుచేత 1917 నాటి నాలుగవ రకంలో వాటిని పొట్టిచేశారు.

1916 సెప్టెంబరు 15న టాంకులు తొలిసారి యుద్ధంలో దిగాయి. వాటిలో కొన్నింటిని ఆ హైవుడ్‌లోకే తోలారు. మోడుల మధ్య అవి నడవలేవని టాంకుల అధికారులు చెప్పినా పైవారు వినలేదు. పైగా టాంకులున్నాయి గదా అని అక్కడ ముందుగా ఫిరంగులు కాల్చలేదు. టాంకులు మోడులలో చిక్కుకొన్నాయి, కాల్బలం ఘోరంగా నష్టపోయింది. అడవి ఆనాడు వశమైంది గాని, ఆ ఘనత టాంకులది కాదు. గుఱ్ఱాన్ని తగని చోట దింపినవారే యంత్రాన్నీ తగని చోట దింపారని నా అభిప్రాయం.

దానికి తగిన విధానం 1917 నవంబరు 20న కాంబ్రే వద్ద కనిపించింది. నేల గట్టిది, గోతులు తక్కువ. ముందుగా దినాల తరబడి ఫిరంగులు కాల్చి శత్రువును మేలుకొలపలేదు. 476 టాంకులు కదిలాయి. జర్మను కందకం టాంకు దాటలేనంత వెడల్పు. కనుక ఒక్కొక్క పోరు టాంకు నెత్తిన బలమైన కట్టెల మోపు పెట్టారు. టాంకులు మూడేసి చొప్పున నడిచాయి. మొదటిది తీగను నలిపి, కందకం దాటకుండానే ఎడమకు తిరిగి, లోపలివారు తల ఎత్తకుండా కాల్చుతుంది. రెండవది మోపును కందకంలో దొర్లించి దానిమీదుగా దాటుతుంది. మూడవది అదే మోపుమీదుగా దాటి, తన మోపును రెండవ కందకానికి వాడుతుంది. అప్పుడు మొదటిది తన మోపుతో మూడవ కందకానికి పోతుంది. వెనుక బారులుగా కాల్బలం.

ఆ దినం కదలిన ఆశ్వికదళాలలో సికింద్రాబాదు బ్రిగేడు కూడా ఉంది. కాని మానియేర్ వద్ద కాలువ వంతెన ఒక టాంకు బరువుకే విరిగిపోయింది! అక్కడ గుఱ్ఱపుదళాలు చాలావరకు ఆగిపోయాయి. పది దినాల తరువాత జర్మనులు ఎదురుదెబ్బ తీసి పోయిన నేలలో చాలా భాగం తిరిగి పట్టుకొన్నారు.

డెక్కన్ హార్స్ తరువాత గుఱ్ఱాలను విడిచి టాంకులు చేపట్టింది. 1965లో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద పాకిస్తాను పాటన్ టాంకులను ఎదిరించిన రెజిమెంట్లలో అదొకటి. అప్పుడు దాని చేతిలో ఉన్నవి షెర్మన్ టాంకులు.